గొంతు ఒక్కటి మారిస్తే చాలదు: పాత టూస్ట్రోక్ డర్ట్ బైకుల కార్బురేటర్ ప్రశ్న

1968లో యమహా డీటీ-1 అమెరికాలో అడుగుపెట్టినప్పుడు దాని కార్బురేటర్ గొంతు 26 మిల్లీమీటర్లు. 246 సీసీ ఇంజనుకు అది చిన్నదే. కొండ బాటల్లో రాళ్ల మీద నెమ్మదిగా ఎక్కేవాళ్లూ, అదే బండి మీద రోడ్డెక్కి ఇంటికి చేరేవాళ్లూ దాన్ని కొంటారని కంపెనీకి తెలుసు. అందుకే ఆ కొలత. అదే బండిని మోటోక్రాస్ పందేనికి తీసుకెళ్లాలనుకున్నవాళ్లకు యమహాయే ఒక కిట్టు అమ్మింది. జెన్యూన్ యమహా ట్యూనింగ్ అనే పేరును కుదించి దాన్ని జీవైటీ కిట్టు అనేవారు. అందులో 30 మిల్లీమీటర్ల మికుని కార్బురేటర్ ఉండేది. దానితోపాటే వేరే సిలిండరు, వేరే హెడ్డు, వేరే పిస్టను, పందెం కోసం చేసిన ఎక్స్‌పాన్షన్ ఛాంబరు కూడా వచ్చేవి. అన్నీ ఒక్క డబ్బాలోనే.

యాభై ఏళ్లు దాటాక, పాత బళ్లకు మళ్లీ ప్రాణం పోసేవాళ్లలో చాలామంది ఆ డబ్బాలోంచి ఒక్క వస్తువే బయటికి తీస్తున్నారు. కిక్కు కొడితే స్టార్టు కాకపోయినా, ఐడిలింగులో నిలవకపోయినా, సగం ఎక్సలేటర్ దగ్గర భక్‌మని ఆగినా మొదట వినిపించే సలహా ఒకటే: పాత కార్బురేటర్ తీసి కొత్త మికునియో కీహినో బిగించు. అప్పుడప్పుడు ఆ సలహా పనిచేస్తుంది. ఎక్కువసార్లు జబ్బు అలాగే ఉండి లక్షణం మాత్రం మారుతుంది. కార్బురేటర్ ఎప్పుడు మార్చాలి, ఎంత సైజుది పెట్టాలి, పెట్టాక ఎలా కుదర్చాలి అన్న మూడింటికీ విడివిడిగా జవాబులు వెతుకుతుంటారు. నా దృష్టిలో ఇవి మూడూ ఒకే ప్రశ్న. ఇంజను లోపలికి గాలి వెళ్లే దారి మొత్తాన్నీ మనం అర్థం చేసుకున్నామా లేదా అన్నదే ఆ ప్రశ్న.

ఫోర్‌స్ట్రోక్‌లో కార్బురేటర్‌కూ సిలిండరుకూ మధ్య కాపలాదారుగా వాల్వు ఉంటుంది. టూస్ట్రోక్‌లో, అందులోనూ 1960ల నాటి పిస్టన్ పోర్టు ఇంజన్లలో, ఆ కాపలా పని పిస్టనుదే. పిస్టను పైకి వెళ్తున్నప్పుడు క్రాంక్ కేసులోకి గాలి పెట్రోలు వస్తాయి. కిందికి దిగేటప్పుడు ఇన్‌టేక్ దారి పూర్తిగా మూసుకునేలోపు కొంత వెనక్కి తంతుంది. అలా వెనక్కి వచ్చిన గాలి మళ్లీ కార్బురేటర్ గుండా పోయి, తర్వాతి స్ట్రోకులో మళ్లీ లోపలికి వస్తుంది. దాటిన ప్రతిసారీ కాస్త పెట్రోలు తనతో తీసుకుపోతుంది. ఒకే గాలి మూడుసార్లు పెట్రోలు తాగినట్టవుతుంది. తక్కువ రేజులో, అంటే ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు, ఈ ఇంజన్లు రిచ్ అయి (గాలికి మించి పెట్రోలు కలిసి), పొగ కక్కుతూ, మిస్ కొట్టడానికి ఇదొక కారణం. ఫిల్టరు తీసి పందేల బండిని చూసినవాళ్లకు కార్బురేటర్ మూతి ముందు గాలిలో నిలబడ్డ పెట్రోలు తుంపర గుర్తుండే ఉంటుంది. 1972 మోడళ్లలో యమహా టార్క్ ఇండక్షన్ పేరుతో రీడ్ వాల్వు పెట్టింది ఈ వెనక్కి తన్నడాన్ని ఆపడానికే. రీడ్ ఉన్న ఇంజను పెద్ద గొంతును భరిస్తుంది, పిస్టన్ పోర్టు ఇంజను అంతగా భరించదు. సైజు గురించి మాట్లాడేముందు ఈ తేడా తెలిసి ఉండాలి.

అటువైపు సైలెన్సరు ఉంది. తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ 1950లలో ఎక్స్‌పాన్షన్ ఛాంబరు మీద చేసిన పని టూస్ట్రోక్ తలరాతను మార్చింది. ఆయన రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ 1961లో దేశం దాటి సుజుకిలో చేరినప్పుడు ఆ విద్య జపాన్‌కు చేరింది. ఆ పొట్టున్న గొట్టంలో శబ్ద తరంగాలు ముందుకు వెళ్లి వెనక్కి వస్తూ ఒక రేజు పరిధిలో సిలిండరును మరింత నింపుతాయి, ఇంకో పరిధిలో అడ్డుతగులుతాయి. కార్బురేటర్ దగ్గర వచ్చే లాగుడు ఆ తరంగాల మీద కూడా ఆధారపడుతుంది. సైలెన్సరు మారితే పెట్రోలును కొలిచే జెట్టు మారాలి. ఎక్కడో సంతలో దొరికిన సైలెన్సరుతో, ఎవరో అరగదీసిన పోర్టులతో వచ్చిన బండికి కంపెనీ మాన్యువల్‌లోని జెట్టు నంబరు ఒక మొదలు మాత్రమే.

ఇక పాత కార్బురేటర్ల సంగతి. ఐరోపా బళ్ల మీద బ్రిటన్ అమల్, జర్మనీ బింగ్ కనిపిస్తాయి. చెకొస్లొవాకియా సీజెడ్ మీద జికోవ్ ఉంటుంది. మైసూరులో తయారైన జావా 250 నడిపిన పెద్దవాళ్లకు ఈ జికోవ్ పేరు పరిచయమే. బెల్జియం రైడర్ జోయెల్ రాబర్ట్ 1964, 1968, 1969లలో 250 సీసీ ప్రపంచ మోటోక్రాస్ టైటిళ్లు గెలిచింది సీజెడ్ మీదే. అందుకే జికోవ్‌ను పనికిరాని సరుకు అనడం నాకు నచ్చదు. మంచి స్థితిలో ఉన్నప్పుడు అది ప్రపంచాన్ని గెలిచింది. బుల్టాకోల మీద అమల్, తర్వాత బింగ్ వచ్చాయి. మైకోలు బింగ్‌ను నమ్ముకున్నాయి. హుస్క్‌వర్నా 1970ల మధ్యలో బింగ్ నుంచి మికునికి మారింది. జపాన్ బళ్లు మొదటినుంచీ మికుని లేదా కీహిన్. మికుని కూడా అమల్ లైసెన్సుతోనే మొదలైంది కాబట్టి వీఎం రకం మికునిని విప్పినవాళ్లకు అందులో అమల్ పోలికలు కనిపిస్తాయి. 1973లో హోండా సీఆర్250ఎం ఎల్సినోర్ 34 మిల్లీమీటర్ల కీహిన్‌తో వచ్చి, అదే ఏడాది గ్యారీ జోన్స్ చేతిలో అమెరికా 250 సీసీ జాతీయ టైటిల్ గెలిచింది. ఆ తర్వాత ఐరోపా కార్బురేటర్లు పాతబడ్డాయన్న మాట బలపడింది.

అయితే పాతబడటం వేరు, అరిగిపోవడం వేరు. వీటిలో చాలావాటి ఒళ్లు జింకు కలిసిన మెత్తటి లోహంతో పోతపోసినది. అందులో గొంతును తెరిచి మూసే స్లైడు ఏళ్ల తరబడి పైకీ కిందికీ ఆడి, దుమ్ముతో రాసుకుని, గొంతు గోడనూ తన అంచునూ తినేస్తుంది. స్లైడును సగం ఎత్తి వేలితో కదిపితే టకటకమంటుంది. అంత సందు వచ్చాక ఐడిలింగు గాలి స్లైడు పక్కనుంచి దొంగదారిలో వెళ్తుంది, పైలట్ జెట్టు ఎంత మార్చినా అది నిలవదు. ఇలాంటి కార్బురేటర్‌ను మార్చాల్సిందే, లేదా స్లీవు వేయించాలి. 1967లో వచ్చిన అమల్ కాన్సెంట్రిక్‌లో ఇంకో బాధ ఉంది. చాలావాటిలో పైలట్ జెట్టు ఒంట్లోనే నొక్కి బిగించిన చిన్న బుష్షు. నిల్వ పెట్రోలు జిగురు అందులో గట్టిపడితే బయటికి తీసి కడగడానికి దారి లేదు, సన్నటి తీగతో ఓపిగ్గా తియ్యాలి. ఇప్పుడు అమల్ పేరుతో ఇంగ్లండ్‌లో బర్లెన్ కంపెనీ చేస్తున్న ప్రీమియర్ రకంలో పైలట్ జెట్టును విప్పి మార్చుకోవచ్చు, స్లైడు గట్టి పూత వేసిన అల్యూమినియం. పాత రూపాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేనివాళ్లకు నేను సూచించేది ఇదే. బండి మొహం మారదు, జబ్బు మాత్రం పోతుంది.

అసలు రూపం కాపాడాలనేవాళ్ల వాదనను తేలిగ్గా తీసెయ్యకూడదు. అమల్ మీద వేలితో నొక్కే టిక్లర్ ఉంటుంది. నొక్కితే గిన్నెలో పెట్రోలు పొంగి చేతికి అంటుతుంది, ఆ వాసనతో కిక్కు కొట్టాలి. ఆ బండితో పెరిగినవాళ్లకు స్టార్టు చేయడమంటే అదే. రంగులూ స్టిక్కర్లూ కాపాడుకుంటూ ఈ ముట్టుకునే తీరును పారేస్తే సగం బండి పోయినట్టే. పందెంలో దిగేవాళ్లకు నిబంధనలూ ఉన్నాయి. అమెరికన్ హిస్టారిక్ రేసింగ్ మోటార్‌సైకిల్ అసోసియేషన్ వింటేజ్ మోటోక్రాస్ బండికి ముందు 7 అంగుళాలు, వెనక 4 అంగుళాలకు మించి సస్పెన్షన్ ఊగకూడదని లెక్క కడుతుంది. అంత పట్టింపు ఉన్న చోట తమ తరగతిలో ఎలాంటి కార్బురేటర్ చెల్లుతుందో చదవకుండా కొత్తది కొనడం డబ్బు దండగ.

మార్చాలా వద్దా అన్న నిర్ణయానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. దీన్ని దాటేసేవాళ్లే ఎక్కువ కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

టూస్ట్రోక్ క్రాంక్ కేసు గాలి చొరబడని పెట్టెలా ఉండాలి. ఒకవైపు మాగ్నెటో దగ్గర ఒక సీలు, ఇంకోవైపు క్లచ్ దగ్గర ఒక సీలు, సిలిండరు కింద గ్యాస్కెట్టు, కార్బురేటర్‌ను పట్టుకునే రబ్బరు మౌతు. 1974 నాటి రబ్బరుకు ఇప్పుడు యాభై ఏళ్లు. అది గాజులా గట్టిపడి, చూస్తే బాగానే ఉండి, ఇంజను వేడెక్కాక సన్నగా పగులు తెరుస్తుంది. మాగ్నెటో వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి వస్తుంది. ఇంజను లీన్ అవుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు అందదు. ఎక్సలేటర్ వదిలినా రేజు వెంటనే దిగకుండా పైనే వేలాడుతుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిలు లోపలికి వచ్చి కాలుతుంది. తెల్లటి పొగ, ప్లగ్గు మీద జిడ్డు, గేరుబాక్సులో తగ్గిపోయే ఆయిలు దాని గుర్తులు. మొదటి జబ్బుకు జనం పెద్ద జెట్టు వేస్తారు, రెండోదానికి చిన్న జెట్టు వేస్తారు. రెండూ తప్పే.

నేనూ ఇలా ఒకసారి దెబ్బతిన్నాను. మా ఇంట్లోని ఆర్‌ఎక్స్ 100 ఎండలో నడిచాక ఐడిలింగు పెరిగిపోయేది. పైలట్ జెట్టు మార్చాను, స్లైడు మార్చాను, చివరికి కార్బురేటరే మార్చాను. ప్రతిసారీ ఒక రోజు బాగున్నట్టనిపించేది. రెండు వారాల తర్వాత మాగ్నెటో ప్లేటు విప్పితే సీలు పెదవి ఎండిపోయి వెనక్కి ముడుచుకుని ఉంది. ఆ సీలు ధర నేను కొన్న జెట్ల ధరలో పదోవంతు కూడా లేదు. ఈలోగా పిస్టను పట్టేయకపోవడం నా అదృష్టం.

దీనికి మందు ప్రెషర్ టెస్టు. ఇన్‌టేక్ మౌతునూ ఎగ్జాస్టు పోర్టునూ రబ్బరు బిరడాలతో మూసి, చేతి పంపుతో 6 పీఎస్ఐ వరకు గాలి ఎక్కించి, 6 నిమిషాలు ముల్లు కదలకుండా నిలుస్తుందేమో చూడాలి. దిగితే సబ్బు నీళ్లు పూసి బుడగ ఎక్కడ లేస్తుందో వెతకాలి. 6 దాటి ఎక్కువ కొడితే మంచి సీలు కూడా జారిపోతుంది, కాబట్టి చెయ్యి ఆపుకోవాలి. సైకిలు పంక్చరు వేసేవాళ్లు ట్యూబును నీళ్లలో ముంచి చూసే పద్ధతిలో దీనికీ తేడా లేదు. ఈ పరీక్ష దాటని ఇంజనుకు ప్రపంచంలో ఏ కార్బురేటరూ కుదరదు. కార్బురేటర్‌కు రెండు బోల్టుల ఫ్లేంజీ ఉన్న బళ్లలో మరో చిక్కు ఉంది. బోల్టులు గట్టిగా బిగించిన కొద్దీ మెత్తటి లోహం విల్లులా వంగుతుంది. అద్దం పలక మీద ఎమ్రీ కాగితం పరిచి ఫ్లేంజీని రుద్ది చదును చేస్తే సగం ఫిర్యాదులు అక్కడే తీరుతాయి.

సైజు విషయంలో ట్యూనర్ల చేతుల్లో చాలాకాలంగా ఒక లెక్క ఉంది. ఇంజను సీసీని, గరిష్ట శక్తి వచ్చే రేజును వేలల్లో తీసుకుని గుణించి, దాని వర్గమూలాన్ని 0.8 నుంచి 0.9 మధ్య అంకెతో గుణిస్తే గొంతు సైజు మిల్లీమీటర్లలో వస్తుంది. 250 సీసీ, 7,500 రేజు అనుకుంటే 0.8తో 34.6 వస్తుంది. ఎల్సినోర్ 34కు చాలా దగ్గర. డీటీ-1ను 6,000 రేజుతో లెక్కేస్తే 31 వస్తుంది. కంపెనీ 26 పెట్టింది, పందెం కిట్టులో 30 పెట్టింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీలోనే ట్రెయిల్ బండికీ పందెం బండికీ తేడా దాగి ఉంది.

గొంతు పెద్దదైతే అందులో గాలి వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే జెట్టులోంచి పెట్రోలును పైకి లాగే పీల్పు బలహీనపడుతుంది. పై రేజులో కాస్త లాభం కనిపించినా, మలుపులోంచి బయటికొచ్చి ఎక్సలేటర్ తిప్పిన ఆ క్షణంలో ఇంజను ఊపిరాడక తడబడుతుంది. దుమ్ము పందెంలో ల్యాపు సమయం పోయేది అక్కడే. రెండు మిల్లీమీటర్లు పెంచి, దాన్ని నిలబెట్టడానికి నెల రోజులు జెట్లతో తంటాలు పడి, చివరికి పాత సైజుకే తిరిగి వచ్చినవాళ్లను చూశాను. సైలెన్సరు, పోర్టులు అలాగే ఉంటే ఉన్న సైజులోనే అరగని కార్బురేటర్ పెట్టడం చాలామందికి సరైన మార్పు. చిన్న గొంతు మంచిదనిపించే సందర్భాలూ ఉన్నాయి, ముఖ్యంగా పిస్టన్ పోర్టు ట్రెయిల్ బళ్లకు.

బిగించే పని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రబ్బరు మౌతు లోపలి కొలత, ఎయిర్‌బాక్సు గొట్టం కొలత, కేబులు పొడవు, ఐడిలింగు స్క్రూ ఏ పక్కకు ఉంది, ఫ్రేము తగులుతుందా అన్నవి కొనకముందే స్కేలు పెట్టి చూసుకోవాలి. కార్బురేటర్ వాలు మారితే గిన్నెలో పెట్రోలు మట్టం కూడా మారినట్టేనని మర్చిపోవద్దు. స్లైడు తిరగేసి పెట్టడం, కేబులు బిగుసుకుని హ్యాండిలు తిప్పితే రేజు పెరగడం అన్నవి ప్రాణం మీదికి తెచ్చే పొరపాట్లు. ఇంజను స్టార్టు చేయకముందే హ్యాండిలును ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూడాలి.

ఇక కుదర్చడం. అసలు విద్య ఇదే.

మొట్టమొదట ఫ్లోటు మట్టం. గిన్నెలో పెట్రోలు ఎంత ఎత్తున ఉందన్నది అన్ని జెట్ల మీదా ఒకేసారి పనిచేస్తుంది. అది తప్పితే తర్వాత చేసే ప్రతి పనీ తప్పు పునాది మీద కట్టిన గోడే. ఫ్లోటు కుదిరాక ఎక్సలేటర్ ఎంత తెరిచి ఉందన్న దాని ప్రకారం ఒక్కో భాగాన్ని పట్టుకోవాలి. పిడి మీదా కేసింగు మీదా తెల్ల టేపు అంటించి పావు, అర, ముప్పావు గీతలు గీసుకుంటే ఏ తెరుపులో జబ్బు వస్తోందో ఊహించే బాధ తప్పుతుంది. మూసి ఉన్న చోటు నుంచి ఎనిమిదో వంతు వరకు పైలట్ జెట్టు, ఎయిర్ స్క్రూ. అక్కడి నుంచి పావు దాటేవరకు స్లైడు కింద కోసిన వంపు. పావు నుంచి ముప్పావు వరకు నీడిలు, నీడిలు జెట్టు. ఆ పైన మెయిన్ జెట్టు. ఈ సరిహద్దులు గట్టు గీసినట్టు ఉండవు, ఒకదాని పొలంలోకి ఇంకొకటి పారుతుంది. అందుకే కింది నుంచి పైకి వెళ్తూ ఒకసారి, మళ్లీ మొదటి నుంచి ఇంకోసారి కుదర్చాలి.

ఇంజను బాగా వేడెక్కాక ఎయిర్ స్క్రూతో మొదలుపెట్టాలి. స్క్రూ ఫిల్టరు వైపున ఉంటే అది గాలిని కొలుస్తుంది. బయటికి విప్పితే లీన్, లోపలికి తిప్పితే రిచ్. ఇంజను వైపున ఉంటే అది పెట్రోలును కొలుస్తుంది, దిక్కు తిరగబడుతుంది. ఈ తేడా తెలియకుండా వారాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. ఎయిర్ స్క్రూ విషయంలో రేజు అన్నిటికంటే ఎక్కువ లేచే చోటు పూర్తిగా బిగించిన స్థితి నుంచి ఒక చుట్టుకూ రెండు చుట్లకూ మధ్య ఉండాలి. ఒక చుట్టు కంటే లోపలే దొరికితే పైలట్ జెట్టు చిన్నది, రెండు దాటితే పెద్దది.

మూసిన చోటు నుంచి ఒక్కసారి తెరిచినప్పుడు భక్‌మంటే స్లైడు వంపును చూడాలి. రిచ్ తడబాటూ లీన్ తడబాటూ చేతికి ఒకేలా అనిపిస్తాయి. ఎయిర్ స్క్రూను పావు చుట్టు లోపలికి తిప్పి మళ్లీ తెరవండి. మెరుగైతే లీన్ జబ్బు, ముదిరితే రిచ్ జబ్బు. మికుని స్లైడు మీద 2.5 అని ఉంటే ఆ వంపు ఎత్తు 2.5 మిల్లీమీటర్లు. అమల్‌లో 3 అంటే అంగుళంలో పదహారో వంతులు మూడు. రెంటిలోనూ అంకె పెరిగితే లీన్.

డర్ట్ బైకు ఎక్కువసేపు బతికేది నీడిలు మీదే. మట్టిలో పూర్తి ఎక్సలేటర్ ఇచ్చే సందర్భాలు తక్కువ, సగం తెరిచి నడిపేదే ఎక్కువ. అయినా మెయిన్ జెట్ల డబ్బా కొన్నవాళ్లే అందరూ, రెండో నీడిలు కొన్నవాళ్లు అరుదు. నీడిలు మీది గాట్లలో క్లిప్పును కిందికి దింపితే నీడిలు పైకి లేస్తుంది, అంటే రిచ్. మికుని నీడిలు పేరును చదవడం నేర్చుకుంటే సగం దారి తెలుస్తుంది. 6డీహెచ్3 అన్నదాంట్లో 6 పొడవును చెబుతుంది. డీ, హెచ్ రెండు దశల వాలును చెబుతాయి. ఒక్కో అక్షరానికి పావు డిగ్రీ చొప్పున పెరుగుతుంది కాబట్టి డీ అంటే ఒక డిగ్రీ, హెచ్ అంటే రెండు. నీడిలు జెట్టు మీది పీ-0 అంటే 2.650 మిల్లీమీటర్ల రంధ్రం. పక్క అంకె ఒకటి పెరిగితే 0.005 పెరుగుతుంది. వెంట్రుక మందంలో పదోవంతు కంటే కాస్త తక్కువ మార్పుకు మాట వినే యంత్రం ఇది. నీడిలు, నీడిలు జెట్టు అరిగి గుండ్రం కోల్పోయిన బండి ఎప్పుడూ సగం ఎక్సలేటర్‌లో రిచ్‌గానే ఉంటుంది. కొత్త కార్బురేటర్ కొనే బదులు ఈ జంటను మారిస్తే చాలాసార్లు సరిపోతుంది.

మెయిన్ జెట్టును మాత్రం రిచ్ వైపు నుంచే దిగాలి. పై రేజులో ఇంజను బరువుగా గొణుగుతూ నాలుగు స్ట్రోకులకొకసారి పేలుతున్నట్టు మోగేంత పెద్దది వేసి, ఒక్కో సైజు దించుకుంటూ రావాలి. శబ్దం శుభ్రపడిన చోట ఆగాలి. ఇంకో సైజు దించితే ఇంకాస్త వేగం వస్తుందన్న ఆశే పిస్టన్లకు చిల్లులు పెట్టింది. రిచ్ అయితే పొగ వస్తుంది, ప్లగ్గు తడుస్తుంది, పందెం పోతుంది. లీన్ అయితే ఇంజనే పోతుంది. కొత్త ప్లగ్గు వేసి, మూడో గేరులో పూర్తిగా లాగి, ఇగ్నిషన్ ఆపి క్లచ్ పట్టి, ప్లగ్గు విప్పి పింగాణీ అడుగున ఉంగరం రంగు చూడటం పాత పద్ధతి. సీసం లేని ఇప్పటి పెట్రోలుతో ఆ రంగు మునుపటంత స్పష్టంగా పడదు. ప్లగ్గు రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టను తలను చూడటం నాకు మరింత నమ్మకం. ట్రాన్స్‌ఫర్ పోర్టుల ఎదురుగా చంద్రవంకల్లా కడిగినట్టుండే చోట్లు కనిపించాలి. అవి లేకుండా తలంతా పొడిగా మాడి ఉంటే లీన్.

ఒక కంపెనీ నంబరు ఇంకో కంపెనీకి చెల్లదన్నది మార్పిడిలో పెద్ద ఉచ్చు. అమల్, మికుని ఆరు మూలల జెట్ల నంబర్లు నిమిషానికి ఎన్ని సీసీల పెట్రోలు పారుతుందో చెబుతాయి. బింగ్, డెల్లోర్టో, కీహిన్ నంబర్లు రంధ్రం వ్యాసాన్ని చెబుతాయి. మొదటి రకంలో నంబరు 10 శాతం పెరిగితే పెట్రోలూ దాదాపు 10 శాతమే పెరుగుతుంది. రెండో రకంలో వ్యాసం 10 శాతం పెరిగితే రంధ్రం విస్తీర్ణం 21 శాతం పెరుగుతుంది. బింగ్ 170 తీసి మికుని 170 వేసినవాళ్లు నంబరును చూశారు, పెట్రోలును చూడలేదు.

ఆయిలు గురించి మన మెకానిక్కుల దగ్గరా విదేశాల పందెం మైదానాల్లోనూ ఒకే అపోహ ఉంది. ఇంజను వేడెక్కుతోంది, రిచ్ చేద్దాం, పెట్రోలులో టూటీ ఆయిలు కాస్త ఎక్కువ కలుపు అంటారు. జరిగేది తలకిందులు. జెట్టులోంచి పారేది మిశ్రమం. అందులో ఆయిలు పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది, పైగా చిక్కబడి నెమ్మదిగా పారుతుంది. 40కి 1 నుంచి 20కి 1కి మారితే జెట్టు అలాగే ఉన్నా ఇంజను లీన్ అవుతుంది. ఆయిలు పాలు ఒకటి నిర్ణయించుకుని, దాన్ని మార్చకుండా దాని మీదే జెట్టు కుదర్చాలి. పొడవైన దిగుడులో ఎక్సలేటర్ పూర్తిగా మూసి గేరులో దిగితే రేజు పైన ఉంటుంది, ఆయిలు మాత్రం పైలట్ జెట్టు ఇచ్చేంతే అందుతుంది. మధ్యమధ్య ఒక్క క్షణం తెరిచి మూయడం పాతవాళ్లకు చేతి అలవాటు. కొత్తగా ఎక్కేవాళ్లకు ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

గాలి కూడా లెక్కలోదే. అమెరికాలోని డెన్వర్ సముద్రమట్టానికి 1,609 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి దాదాపు 15 శాతం పలుచన, మిశ్రమం దాదాపు 8 శాతం రిచ్ అవుతుంది. కాలిఫోర్నియా తీరంలో కుదిర్చిన బండిని అక్కడికి తీసుకెళ్తే జెట్టు దించాల్సిందే. విశాఖ నుంచి హైదరాబాదుకు వస్తే గాలి 5 శాతం పలుచన, మిశ్రమంలో తేడా రెండున్నర శాతం. అది ఒక్క జెట్టు సైజుకు కూడా సరిగ్గా చాలదు. మనకు ఎత్తు కంటే ఎండే ముఖ్యం. 15 డిగ్రీల డిసెంబరు ఉదయానికీ 42 డిగ్రీల మే మధ్యాహ్నానికీ గాలి సాంద్రతలో 8 శాతం పైనే తేడా ఉంటుంది. ఈ దిశను గుర్తుంచుకోవాలి. వేసవిలో కుదిర్చిన జెట్టు చలికాలం ఉదయం లీన్ అవుతుంది. బండి పట్టేసేది ఆ చల్లటి ఉదయమే.

కొత్త రకాల మీద నా మాట. కీహిన్ పీడబ్ల్యూకే స్లైడు ఆంగ్ల అక్షరం డీ ఆకారంలో ఉంటుంది, చిన్న తెరుపులో మాట వింటుంది. రీడ్ వాల్వు ఇంజన్లకు మంచిదే. లెక్ట్రాన్‌లో పైలట్, మెయిన్ జెట్లే ఉండవు. ఒకవైపు చదును చేసిన రాడ్డు ఒక్కటే పెట్రోలును కొలుస్తుంది. ఎత్తులు మారే చోట తిరిగేవాళ్లు దాన్ని ఇష్టపడటంలో అర్థముంది. పీడబ్ల్యూకే నకళ్లు తక్కువ ధరకు దొరుకుతున్నాయి, వాటితోనే నాకు భయం. జెట్టు మీది నంబరు లోపలి రంధ్రంతో కలవకపోతే పైన చెప్పిన లెక్కంతా వృథా. నకలు కొన్నవాళ్లు కనీసం లోపలి జెట్లనూ నీడిలునూ అసలు కంపెనీవి వేసుకోవాలి.

మన దగ్గర ఈ ప్రశ్న మళ్లీ ఎదురుగా వచ్చి నిలబడటానికి కారణం పెట్రోలు. ఆర్‌ఎక్స్ 100 1985లో వచ్చింది, 1996లో ఆగింది. 98 సీసీ, 20 మిల్లీమీటర్ల మికుని. దాన్ని మట్టి పందేలకు సిద్ధం చేసుకుని, రాజ్‌దూత్ 350 మీద వచ్చిన 28 మిల్లీమీటర్ల మికునిని తగిలించినవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. ఇంతకుముందు చెప్పిన లెక్కలో 8,000 రేజుకు 0.8తో 22.4, 0.9తో 25.2 వస్తుంది. 28కి ఎక్కడా చోటు లేదు. ఇప్పుడు బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. మామూలు పెట్రోలు కిలోకు 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి దాదాపు 13.5 చాలు. అంటే అదే గాలికి దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. పాత జెట్టుతో నడిచే పాత బండి ఎవరూ ముట్టుకోకుండానే అంత లీన్ అయిపోయింది. మెయిన్ జెట్టు ఒకటి రెండు సైజులు పెంచుకోవాలి, పైలట్‌నూ నీడిలునూ మళ్లీ చూసుకోవాలి.

ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. నెల రోజులు కదలని బండి గిన్నెలో ఆ తేమ జింకు లోహాన్ని తెల్లటి పొడిగా తినేస్తుంది, పాత రబ్బరు రింగులు ఉబ్బిపోతాయి. యాభై ఏళ్లు నిలిచిన అమల్ ఒక్క వానాకాలంలో పాడవడం చూశాను. కాబట్టి బండిని నిలబెట్టేముందు పెట్రోలు కాకు మూసి, గిన్నె కింది స్క్రూ విప్పి, ఉన్నదంతా ఒక సీసాలోకి దించేయండి. మళ్లీ స్టార్టు చేసే రోజున కొత్త పెట్రోలుతో, అదే పాలులో అదే ఆయిలుతో మొదలుపెట్టండి.